సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్ రివ్యూ: బానెట్ ఎత్తే ముందు బండి కింద దూరండి

పాత బొలెరో పికప్ చూడ్డానికి వెళ్ళినవాళ్ళు చేసే మొదటి పని బానెట్ ఎత్తడం. సెల్ఫ్ కొట్టి, రెండుసార్లు రేజ్ ఇచ్చి, సైలెన్సర్ దగ్గర పొగ చూసి, “కండిషన్ బాగుంది” అని అడ్వాన్స్ చేతిలో పెట్టేస్తారు. అమ్మేవాడికి కావలసిందీ అదే. ఇంజిన్‌ని ఒక్కరోజుకి బాగా కనిపించేలా చెయ్యడం తేలిక. బండి కింద ఉన్నదాన్ని దాచడం కష్టం.

ఈ బండిలో 2523 సీసీ, నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్ అన్నిటికన్నా గట్టి భాగం. పోయినా తేలిగ్గా బాగయ్యేదీ అదే. విజయవాడ ఆటోనగర్‌లో గానీ, హైదరాబాద్ వనస్థలిపురం వైపు ఆటోనగర్‌లో గానీ, గాజువాకలో గానీ దీని బోరు పని (సిలిండర్లు, పిస్టన్లు బాగుచెయ్యడం) తెలిసిన మేస్త్రీ కోసం వెతుక్కోనక్కర్లేదు. లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు కౌంటర్ మీద దొరుకుతాయి. అదే చాసిస్ చిట్లినా, వెనక హౌసింగ్ (వెనక చక్రాల యాక్సిల్ ఉండే గొట్టం) వంగినా, కాగితాల్లో ముడి పడినా ఎంత డబ్బు పోసినా బండి మళ్ళీ మామూలు బండి అవ్వదు. అందుకే ఈ రివ్యూలో మార్కులు రెండు రకాలు: బండికి 5కి 4. అమ్మకానికి వరసగా నిలబెట్టిన బండ్లకి మాత్రం 2.

ఏ వయసు బండి కొనాలి

పొగ కాలుష్యం ప్రమాణాల్లో 2017 ఏప్రిల్ నుంచి దేశమంతటా బీఎస్-4, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 తప్పనిసరి అయ్యాయి. హైదరాబాద్ లాంటి కొన్ని నగరాల్లో బీఎస్-4 అంతకన్నా చాలా ముందే, 2010లోనే వచ్చింది. కాబట్టి ఒకే సంవత్సరం బండ్లలో రిజిస్ట్రేషన్ ఊరిని బట్టి రెండు రకాల ఇంజిన్లు కనిపిస్తాయి. బానెట్ కింద చూస్తే తెలిసిపోతుంది. పంపు నుంచి ఒక్కో నాజిల్‌కి (డీజిల్ చిమ్మే ఇంజెక్టర్) విడివిడిగా పైపు వెళ్తే పాత మెకానికల్ పంపు. నాలుగు పైపులూ ఒకే ఉక్కు గొట్టంలోంచి వస్తే కామన్ రెయిల్.

మెకానికల్ పంపు బండికి సెన్సర్ల గొడవ లేదు, స్కానర్ అక్కర్లేదు, పల్లెటూరి మెకానిక్ కూడా దారికి తెస్తాడు. పొగ ఎక్కువ, లాగుడు తక్కువ. వయసు మీద పడింది కనక ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) వెళ్ళిన ప్రతిసారీ ఖర్చు. కామన్ రెయిల్ బండి, అంటే ఎం2డీఐసీఆర్ ఇంజిన్ ఉన్నది, 63 హార్స్ పవర్, 195 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు రెండింటికీ తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది. సొంత వాడకానికి, రోజూ తిరిగే పనికి 2017 నుంచి 2019 మధ్య బీఎస్-4 బండి సరైన ఎంపిక. నెలకి నాలుగైదు ట్రిప్పులు, అదీ తోట నుంచి మార్కెట్ యార్డు దాకా అయితే ఇంకా పాతది కూడా చాలు, తుప్పు లేకపోతే. బీఎస్-6 బండ్లకి ధర ఎక్కువ. పాత బండి కొనే బడ్జెట్‌లో బీఎస్-6 దొరికిందంటే అనుమానించాల్సింది బండినే.

పొడవు విషయం ఒకటి. 1.25 టన్నుల మోడల్ ఆర్సీలో లోడుతో కలిపి బరువు మూడు టన్నుల లోపే ఉంటుంది. మూడు టన్నుల లోపు గూడ్స్ బండికి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. 1.7 టన్నుల పొడుగు మోడల్ ఆ గీత దాటుతుంది, దానికి పర్మిట్ కావాలి. రెండూ 7,500 కిలోల లోపే కనక మామూలు ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్స్ చాలు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా ఇదే తేల్చింది. బాడీ పొడుగ్గా ఉందని సంబరపడి కొనేముందు ఆర్సీలో బరువు గడి ఒకసారి చదవండి.

ఇన్నాళ్ళూ ఏం మోసింది?

మీటరు రీడింగ్ కన్నా ఈ ప్రశ్నే ముఖ్యం. మీటరు తిప్పేస్తారు. బాడీ ఫ్లోరు తిప్పలేరు.

కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు రొయ్యలు, చేపలు తోలిన బండి అయితే ఎంత చౌకగా వచ్చినా దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. ఐసు కరిగిన ఉప్పునీళ్ళు ఏళ్ళ తరబడి ఫ్లోరు సందుల్లోంచి చాసిస్ మీదకి కారతాయి. తుప్పు లోపలి నుంచి తింటుంది, పైన పెయింట్ నిగనిగలాడుతూనే ఉంటుంది. బ్రేకు పైపులు, ఎర్త్ వైర్లు, లైట్ల కనెక్టర్లు కూడా వరసగా పోతాయి. చిన్న సుత్తితో చాసిస్ రెయిలు పొడవునా తడుతూ వెళ్ళండి. గట్టి ఇనుము గంటలా మోగుతుంది. తుప్పు తిన్న చోట చచ్చు శబ్దం వస్తుంది, పొరలు రాలతాయి. బ్రేకు పైపు మీద గోరుతో గీకితే పొడి రాలితే ఆ పైపులన్నీ మార్చాల్సిందే. తణుకు చుట్టుపక్కల కోళ్ళు తోలిన బండి, ఎరువుల షాపు బండి కూడా ఇదే కోవ. కోళ్ళ రెట్ట, ఒలికిన యూరియా తేమ పట్టి ఇనుమును తినేస్తాయి.

చీమకుర్తి రాయి, కంకర, ఇసుక మోసిన బండిలో తుప్పు ఉండదు గానీ నడుము విరిగి ఉంటుంది. టన్నుంపావు బండిలో మూడు టన్నులు వేసినవాళ్ళు ఎవరూ ఒప్పుకోరు. ఫ్లోరు చెబుతుంది. క్రాస్ మెంబర్ల మధ్య రేకు గుంటలు పడి ఉంటుంది, తలుపుల కీలు వదులై ఉంటాయి, పక్క పలకలు బయటికి ఉబ్బి ఉంటాయి.

పాల బండి క్లచ్ తినేసి ఉంటుంది. ఆగుతూ, కదులుతూ తిరిగే పని కదా. కానీ చాసిస్ నిటారుగా ఉంటుంది, క్లచ్ ఒకరోజు పని. మదనపల్లె టమాటా, నూజివీడు మామిడి తోలినవి కిలోమీటర్లు ఎక్కువ తిరిగి ఉంటాయి, లోడు మరీ దారుణంగా ఉండదు. కళ్ళు మూసుకుని కొనగలిగే బండి ఏదైనా ఉంటే అది టెంట్ హౌస్ బండి. మూఢం వస్తే నెలల తరబడి కదలదు, మోసేది షామియానా గుడ్డలూ, ప్లాస్టిక్ కుర్చీలూ, వంట గిన్నెలూ. నిలబడి నిలబడి బ్యాటరీ, టైర్లు, హోస్ పైపులు ఎండిపోయి ఉంటాయి. అవి మార్చుకుంటే సరి.

చాసిస్, కమాన్లు, హౌసింగ్

బండిని మెట్ట మీదో, సర్వీసింగ్ ర్యాంపు మీదో ఎక్కించండి. అమ్మేవాడు “అంత అవసరమా అండీ” అంటే అవసరమే. కింద అంతా కొత్తగా నల్ల అండర్‌కోటింగ్ కొట్టి ఉంటే ఆ బండికి ఇంకో గంట ఎక్కువ కేటాయించండి, లేదా వదిలెయ్యండి.

చిట్లే చోట్లు తెలిసినవే. వెనక కమాన్ కట్ట (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్ట) ముందు హ్యాంగర్ (దాన్ని చాసిస్‌కి పట్టే బ్రాకెట్) దగ్గర, వెనక షాకిల్ బ్రాకెట్ దగ్గర, కేబిన్ వెనకాల బాడీ మొదలయ్యే చోట, గేర్ బాక్సు కింది క్రాస్ మెంబర్ చివర్ల దగ్గర. పగులు మొదట్లో వెంట్రుకంత సన్నగా, పెయింట్ మీద తుప్పు గీతలా కనిపిస్తుంది. అది పగులా, గీరుడా అని తేల్చుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. ఆ చోట మట్టి గీకి, గుడ్డతో డీజిల్ రాసి పది నిమిషాలు వదిలెయ్యండి. తర్వాత పైపైన ఉన్న డీజిల్ శుభ్రంగా తుడిచేసి, సుద్ద ముక్కతో తెల్లగా పూయండి. బండి ఎక్కి దిగి రెండుసార్లు ఊపండి. పగులు ఉంటే లోపల ఇంకిన డీజిల్ బయటికి వచ్చి సుద్ద మీద సన్నటి తడి గీత గీస్తుంది. గీరుడైతే సుద్ద తెల్లగానే ఉంటుంది.

వెల్డింగ్ చేసిన చాసిస్ అంతా చెత్త అని కాదు, ఎలా చేశారన్నదే లెక్క. రెయిలు పైఅంచు మీద అడ్డంగా వెల్డింగ్ గీత లాగితే ఆ గీత పక్కనే కొత్త పగులు మొదలవుతుంది, ఎందుకంటే వంగుడు ఒత్తిడంతా అక్కడే. లోపల ప్లేటు పెట్టి, చివర్లు ఏటవాలుగా కోసి, బోల్టులు బిగించిన పని అయితే నిలుస్తుంది. అయినా ధర తగ్గాల్సిందే.

యాక్సిడెంట్ బండి పట్టుకోవడానికి దూరం నుంచి చూడాలి. కేబిన్‌కీ బాడీకీ మధ్య సందు పైనుంచి కింది దాకా ఒకే వెడల్పు ఉందా? మెత్తటి మట్టి రోడ్డు మీద నేరుగా నడిపించి వెనక నుంచి చూస్తే ముందు చక్రాల జాడలోనే వెనక చక్రాలు పోతున్నాయా, ఎండ్రకాయలా పక్కకి జరుగుతున్నాయా? ఇంకా అనుమానం ఉంటే చదునైన నేల మీద, ముందు ఎడమ బ్రాకెట్ బోల్టు నుంచి వెనక కుడి బోల్టుకి, ముందు కుడి నుంచి వెనక ఎడమకి తూకం దారం దించి సుద్ద గుర్తులు పెట్టి టేపుతో కొలవండి. రెండు కొలతలకీ సెంటీమీటరుకి మించి తేడా ఉంటే చాసిస్ మెలిక పడింది.

కమాన్ కట్టల్లో అసలు పట్టీ, అంటే రెండు చివర్లా చుట్ట ఉన్నది, విరిగిందా చూడండి. తర్వాత పట్టీలు లెక్కపెట్టండి. కుడివైపు ఒక లెక్క, ఎడమవైపు ఒక లెక్క ఉంటే ఎవరో చెయ్యి పెట్టారు. రెండువైపులా కంపెనీ లెక్క కన్నా ఎక్కువ ఉంటే ఇంకా ప్రమాదం. ఎక్స్‌ట్రా పట్టీ వేస్తే బండి మోసే శక్తి పెరుగుతుందని మన దగ్గర పాతుకుపోయిన నమ్మకం. పెరగదు. ఇదివరకు విరిగి హెచ్చరించే పట్టీ ఇప్పుడు విరగదు, దాని బదులు హ్యాంగర్ దగ్గర చాసిస్ చిట్లుతుంది, హౌసింగ్ వంగుతుంది.

హౌసింగ్ వంగిందో లేదో టైర్లు చెబుతాయి. ఖాళీ బండిని వెనకాల ఇరవై అడుగుల దూరంలో కూర్చుని చూడండి. వెనక చక్రాల పైభాగాలు లోపలికి వాలి ఉంటే, టైర్ల లోపలి అంచు మాత్రమే అరిగి ఉంటే హౌసింగ్ మధ్యలో కిందకి వంగింది. అలాంటి బండికి టైర్లు ఎన్ని మార్చినా తింటూనే ఉంటుంది. టైర్లు అన్నాం కాబట్టి ఇదీ చూడండి. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది. 2319 అంటే 2019లో 23వ వారం. బటన్ (టైరు గాట్ల లోతు) ఎంత ఉన్నా ఆరేడేళ్ళు దాటిన టైరు ధర బేరంలో సున్నా.

ముందు చక్రం జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపండి. ఆడితే బేరింగ్ వదులు కావచ్చు, కింగ్ పిన్ను గానీ బాల్ జాయింట్ గానీ అరిగి ఉండొచ్చు. ఏదో తేల్చడానికి ఒకర్ని బ్రేకు తొక్కి పట్టుకోమనండి. ఆట ఆగిపోతే బేరింగ్, అదే బిగిస్తే చాలు. ఆగకపోతే పిన్ను పని. కుడీ ఎడమా పట్టుకుని ఊపితే ఆడేది టై రాడ్ ఎండ్లు.

ఇప్పుడు బానెట్ ఎత్తండి

ఎత్తేముందు దాని మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారు, మర్నాడు పొద్దున్నే చెప్పకుండా వెళ్ళండి. చల్లటి ఇంజిన్‌లో డిప్‌స్టిక్ తీసి ఆయిల్ రెండు వేళ్ళ మధ్య రుద్దండి. తేనెలా సాగుతుంటే చిక్కటి ఆయిలో, అడిటివ్వో పోసి శబ్దం, పొగ అణిచారు.

స్టార్ట్ చేశాక ఆయిల్ మూత తీసి బోర్లా ఆ కన్నం మీదే పెట్టండి. కాస్త వణికితే ఫర్వాలేదు. ఎగిరి పడితే, పొగ తెరలు తెరలుగా వస్తే రింగులు అరిగి, సిలిండర్ గ్యాసు కిందకి దిగి బ్రీదర్ కొడుతోంది, బోరు పని దగ్గర పడింది. నీలం పొగ ఆయిల్ కాలడం. నల్ల పొగ గాలి చాలకపోవడం, నాజిల్ ఎక్కువ పొయ్యడం, టర్బో గొట్టం చిరగడం, లేదా ఈజీఆర్ (పొగని కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) మసి పట్టడం. పొద్దున మొదటి నిమిషం తెల్ల పొగ మామూలే. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ, కూలెంట్ డబ్బాలో బుడగలు లేస్తుంటే హెడ్ గ్యాస్కెట్. ఈ బుడగల పరీక్ష మూత తీసి చెయ్యాలంటే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. వేడి రేడియేటర్ మూత తీసి మొహం కాల్చుకున్నవాళ్ళు ప్రతి షెడ్డులో ఒకరుంటారు.

కామన్ రెయిల్ బండికి ఇంకో పరీక్ష చేయించాలి. నాలుగు నాజిళ్ళ రిటర్న్ పైపులూ విడదీసి నాలుగు సీసాల్లో పెట్టి, కొన్ని నిమిషాలు స్లోలో నడపాలి. నాలుగూ ఇంచుమించు సమానంగా నిండాలి. ఒకటి మిగతావాటికన్నా బాగా ఎక్కువ నిండిందంటే ఆ నాజిల్ లోపల లీకు, రెయిల్‌లో ప్రెషర్ నిలవదు, పొద్దున సెల్ఫ్ చాలాసేపు కొడితే గానీ అందుకోదు. కామన్ రెయిల్ నాజిళ్ళు పాత మెకానికల్ పంపు నాజిళ్ళంత చౌక కాదు. ఈ పరీక్షకి పోయే గంటే మీ బేరం.

ఇక ఎక్కువమంది చూడని విషయం థర్మోస్టాట్. బండి వేడెక్కుతోందని వస్తే మన దగ్గర కొందరు మెకానిక్కులు చేసే మొదటి పని థర్మోస్టాట్ పీకి పారెయ్యడం. ఆ రోజుకి వేడి తగ్గుతుంది. ఆ తర్వాత ఇంజిన్ ఎప్పుడూ కాగాల్సినంత కాగదు, మైలేజీ పడిపోతుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. అసలు జబ్బు రేడియేటర్‌లో గచ్చు, అంటే నీళ్ళ వల్ల పేరుకున్న తెల్లటి పొర. పది కిలోమీటర్లు తిప్పినా టెంపరేచర్ ముల్లు కిందే పడి ఉంటే థర్మోస్టాట్ లేదనే లెక్క.

నడిపి చూడ్డం

క్లచ్‌కి చదును నేల మీద హ్యాండ్ బ్రేక్ లాగి, మూడో గేరు వేసి, కొంచెం రేజ్ ఇస్తూ క్లచ్ వదలండి. ఇంజిన్ వెంటనే ఆగిపోవాలి. ఆగకుండా ఏడుస్తూ తిరుగుతుంటే ప్లేటు జారుతోంది. ఒక్కసారే చెయ్యండి, పదిసార్లు చేస్తే ఉన్న ప్లేటు కూడా కాలుతుంది. రెండో గేర్లో ఇరవై దాకా లాగి యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదలండి. గేరు తనంతట తను బయటికి దూకితే బాక్సు విప్పాలి.

నలభై, అరవై మధ్య చెవి పెట్టి వినండి. రేజ్ ఇచ్చినప్పుడు మాత్రమే, లేదా వదిలినప్పుడు మాత్రమే వెనక నుంచి ఊళ వస్తే హౌసింగ్‌లోని క్రౌన్, పీనియన్ పళ్ళు అరిగాయి. రెండింటిలోనూ ఒకేలా వస్తే బేరింగులు. కదిలేటప్పుడు “టక్” మంటే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసులు చూడండి. అవి చౌక.

బ్రేకుకి, ఇంజిన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కి గట్టిగా పట్టుకుని స్టార్ట్ చెయ్యాలి. పెడల్ కాస్త కిందకి దిగాలి. దిగకపోతే వ్యాక్యూమ్ పంపో, బూస్టరో, గొట్టమో పోయింది. వెనక చక్రాల లోపలివైపు ఆయిల్ చారలు కనిపిస్తే యాక్సిల్ సీలు లీకై బ్రేకు లైనర్లు తడిశాయి. సీలు మార్చినా నెలలో మళ్ళీ కారుతుంటే కారణం సీలు కాదు. హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది. అది మట్టితో మూసుకుంటే లోపలి వేడి గాలికి దారిలేక ఆయిల్‌ని సీల్ల మీదుగా తోస్తుంది. రూపాయి ఖర్చు లేకుండా పిన్నుతో పొడిచి శుభ్రం చేసే పని. చాలా షెడ్లలో దీని ఊసే ఎత్తరు.

మంచి కండిషన్‌లో ఉన్న బండి లోడుతో లీటరుకి పది నుంచి పన్నెండు, ఖాళీగా అంతకన్నా రెండు మూడు ఎక్కువ ఇవ్వాలి. పదిహేను, పదహారు ఇస్తుందని చెప్పేవాడి మిగతా మాటలు కూడా అంతే తూకంలో తీసుకోండి.

కాగితాలు

చాసిస్ నంబరు పంచింగ్ దగ్గర మట్టి తుడిచి, ఆర్సీతో అంకె అంకె పోల్చండి. అక్కడ గ్రైండింగ్ గుర్తు ఉంటే మాటలొద్దు. ఫైనాన్స్ వాయిదాలు అయిపోయాయన్న మాట కాదు, ఫామ్ 35 (ఆర్సీలోంచి ఫైనాన్స్ పేరు తీసే కాగితం), ఫైనాన్స్ ఎన్‌వోసీ చేతికి రావాలి. సీజింగ్ బండి (వాయిదాలు కట్టక ఫైనాన్స్‌వాళ్ళు పట్టుకున్నది) అయితే ఇంకా జాగ్రత్త, ఎన్‌వోసీ ఎవరి పేరున ఇస్తున్నారో చూడండి. పేరు మార్పుకి ఇచ్చే ఫామ్ 29, 30 మీద సంతకాలు అసలు ఓనరువే ఉండాలి. మూడు చేతులు మారి ఓపెన్ సంతకాల మీద తిరుగుతున్న బండి చౌకగానే వస్తుంది, ఎఫ్‌సీ రోజున తెలుస్తుంది దాని ధర. వేరే రాష్ట్రం బండికి ఫామ్ 28 ఎన్‌వోసీ కూడా కావాలి. తెలంగాణ నుంచి ఆంధ్రాకి, ఆంధ్రా నుంచి తెలంగాణకి తెచ్చినా అంతే.

చలానాలు, ట్యాక్స్, గ్రీన్ ట్యాక్స్ బాకీలు ఆన్‌లైన్‌లో చూసి, అమ్మేవాడితోనే కట్టించండి. ఎఫ్‌సీ ఎనిమిదేళ్ళ దాకా రెండేళ్ళకోసారి, తర్వాత ఏటా. బండి వయసు పెరిగేకొద్దీ ఫీజు కూడా పెరుగుతుంది కాబట్టి పదిహేనేళ్ళకి దగ్గర పడ్డ బండి బేరంలో ఆ లెక్క కూడా వెయ్యాలి. ఇదివరకు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చుట్టూ తిరిగి చూసి వదిలేవాడు. ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లో రోలర్లే ఒక్కో చక్రం బ్రేకు శక్తి కొలుస్తాయి, అక్కడ బతిమాలుడు చెల్లదు. బండి కొన్న పద్నాలుగు రోజుల్లో ఇన్సూరెన్స్ పేరు మార్పుకి రాయండి, లేకపోతే థర్డ్ పార్టీ తప్ప సొంత బండి డ్యామేజీకి క్లెయిమ్ ఇబ్బంది. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు.

పక్క బండ్లతో పోలిస్తే

2005లో వచ్చిన టాటా ఏస్ 702 సీసీ, రెండు సిలిండర్లు. ఊళ్ళో సందుల్లో దానికి సాటి లేదు, టన్ను దాటితే దాని ప్రాణం మీదకి వస్తుంది. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ సాఫీగా నడుస్తుంది, కూర్చోడానికి హాయి, మూడు సిలిండర్ల 1.5 లీటర్ల ఇంజిన్, మైలేజీ మెరుగు. గతుకుల రోడ్లలో బొలెరో అంత మొండిది కాదు. ఇసుజు డీ-మ్యాక్స్ మన శ్రీసిటీలోనే తయారవుతుంది, బండిగా చూస్తే బొలెరో కన్నా ఒక మెట్టు పైనే. కానీ మండల కేంద్రంలో ఆగిపోతే దాని సామాను కోసం ఫోన్లు చెయ్యాలి. బొలెరో పికప్‌కి ఉన్న అసలు బలం ఇదే, పక్క షాపులో సామాను.

కొన్నాక మొదటి వారం

పాత ఓనరు “మొన్ననే సర్వీసు చేయించా” అన్న మాట పక్కన పెట్టి అన్నీ మార్చెయ్యండి. ఇంజిన్ ఆయిల్ 15డబ్ల్యూ-40, ఐదున్నర లీటర్లు పోసి, ఒక నిమిషం నడిపి, ఆపి, పది నిమిషాలాగి డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కలపండి. ఆయిల్, డీజిల్, ఎయిర్ ఫిల్టర్లు మూడూ కొత్తవి. గేర్ బాక్సుకి జీఎల్-4 రకం 80డబ్ల్యూ-90. వెనక హౌసింగ్‌కి జీఎల్-5 రకం 90 నంబరు ఆయిల్. రెండింట్లో ఒకే డబ్బా పోసేస్తారు, అది తప్పు. జీఎల్-5లో ఉండే మందు గేర్ బాక్సులోని ఇత్తడి సింక్రో రింగుల్ని తినొచ్చు, జీఎల్-4 పోస్తే క్రౌన్ పళ్ళు నిలవవు. బండి పుస్తకంలో వేరే గ్రేడు రాసి ఉంటే పుస్తకమే లెక్క. హౌసింగ్ ఆయిల్ దించినప్పుడు డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి మెత్తటి బూడిదలాంటి పొడి ఉంటే సహజం, పలుకులుంటే క్రౌన్ విప్పించాలి.

కూలెంట్ డబ్బా కొని బోరు నీళ్ళు కలపొద్దు. నల్గొండ, ప్రకాశం వైపు బోరు నీళ్ళు పోస్తే రేడియేటర్ గొట్టాల్లో తెల్లటి గచ్చు పేరుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం. బ్రేకు ఆయిల్ రెండేళ్ళకోసారి మార్చాలి, అది గాలిలో తేమ పీల్చుకుంటుంది. ఘాట్ దిగుతుంటే వేడికి ఆ నీరు ఆవిరై పెడల్ స్పాంజిలా అవుతుంది.

ఆ తర్వాత ఇంజిన్ ఆయిల్ 7,500 కిలోమీటర్లకి. డీజిల్ ఫిల్టర్ కింది నీళ్ళ స్క్రూ వారానికోసారి వదలండి, ముఖ్యంగా డబ్బాల్లో తెచ్చిన డీజిల్ పోసేవాళ్ళు. ఎయిర్ ఫిల్టర్‌కి గాలి కొట్టిస్తే లోపలి నుంచి బయటికి కొట్టించండి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి దూరి టర్బో దాకా పోతుంది. లోడుతో ఘాట్ ఎక్కి వచ్చి టక్కున ఇంజిన్ ఆపొద్దు, ఒక నిమిషం స్లోలో వదిలితే టర్బో బేరింగ్ బతుకుతుంది. జాయింట్ క్రాసులకి, నిపుల్ ఉన్న ప్రతి పిన్నుకీ మూడు వేల కిలోమీటర్లకోసారి గ్రీజు. పాత గ్రీజు బయటికి వచ్చి కొత్తది కనిపించే దాకా కొట్టాలి. వర్షాల్లో నీళ్ళలో దిగితే మర్నాడే.

ఇక కమాన్ పని చేయించారనుకోండి, పట్టీలు, బుష్‌లు, యు-బోల్టులు కొత్తవే వేశారు. షెడ్డులో బిగించింది చివరి బిగింపు కాదు. బండి బరువు చక్రాల మీద ఉండగా నట్లు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి, జాకీ మీద కాదు. ఒక ట్రిప్పు లోడు మోశాక పట్టీలు ఒకదానిమీద ఒకటి కూర్చుని కట్ట వదులవుతుంది. వదులైన కట్టలో సెంటర్ బోల్టు మీద కోత పడుతుంది. అది తెగితే హౌసింగ్ ఒకవైపు వెనక్కి జారి బండి రోడ్డు మీద అడ్డం తిరుగుతుంది. కాబట్టి 500 కిలోమీటర్ల దగ్గర మళ్ళీ పానా పెట్టండి. నట్లు ఇంకాస్త తిరుగుతాయి. వెయ్యి దగ్గర మళ్ళీ చూడండి, ఈసారి తిరక్కూడదు.